నిర్మాణ పనుల దుమ్ముకు కళ్ళెం: టేకులపల్లి మండలానికి అన్వయించే నిబంధనలు, ప్రోత్సాహకాలు

ప్రత్యేక వ్యాసం

టేకులపల్లి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా: ఇల్లెందు నుంచి కొత్తగూడెం వెళ్ళే దారిలో, అడవిని ఆనుకొని ఉన్న టేకులపల్లి మండలం పేరు వాయు కాలుష్యంపై జరిగే చర్చలలో సాధారణంగా వినబడదు. గాలి నాణ్యత ప్రమాణాలను అందుకోలేకపోతున్న నగరాల జాబితాలో తెలంగాణ నుంచి హైదరాబాదు, నల్లగొండ, పటాన్‌చెరు వంటి పేర్లు ఉన్నవే గాని, ఏజెన్సీ మండలాల పేర్లు లేవు. అయితే ఈ మండలంలోనూ, దాని చుట్టుపక్కలా గడచిన పదేళ్ళలో తవ్విన మట్టి, పరచిన కంకర, మోసిన మొరం తక్కువేమీ కాదు. సీతారామ ఎత్తిపోతల పథకానికి 2016 ఫిబ్రవరి 16న శంకుస్థాపన జరిగినది ఈ మండలంలోని రోళ్ళపాడులోనే. హైదరాబాదు శివారులోని గౌరెల్లి నుంచి వలిగొండ, తొర్రూరు, మహబూబాబాద్, ఇల్లెందుల మీదుగా కొత్తగూడెం చేరే 930పి జాతీయ రహదారి ఈ మండలం గుండానే సాగుతున్నది. సింగరేణి సంస్థకు చెందిన కోయగూడెం ఉపరితల గని ఇక్కడే ఉన్నది. వీటన్నింటికీ తోడు 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ళ పథకం కింద గ్రామాలలో, తండాలలో, గూడేలలో ఇళ్ళు కడుతున్నారు.

సాగునీరు, రహదారి, గూడు – ఈ మూడింటిలో ఏ ఒక్కటీ అక్కరలేనిది కాదు. కనుక పనిని ఆపి దుమ్మును ఆపడమనే మార్గం ఇక్కడ పనికిరాదు. పని సాగుతూ ఉండగానే దుమ్మును పని స్థలం దాటనివ్వకుండా చూడడానికి చట్టంలో ఏమి ఉన్నది, చట్టం చేరని చోట డబ్బు చెల్లింపు విధానం ద్వారా ఏమి చేయవచ్చును అనే విషయాలను అధికారుల, పాత్రికేయ మిత్రుల సౌకర్యార్థం ఇక్కడ పొందుపరచడమైనది.

దుమ్ము కాలం, మిర్చి కాలం ఒకటే

నిర్మాణ పనులు వర్షాకాలంలో మందగించి, వానలు వెనుదిరిగిన తరువాత ఊపందుకుంటాయి. కార్తీకం దాటినది మొదలు రోహిణి కార్తె వరకు నేల ఎండి ఉంటుంది. మట్టి పని, కాలువ పని, రోడ్డు పని అన్నీ ఈ ఆరేడు నెలలలోనే జరుగుతాయి. ఉమ్మడి ఖమ్మం జిల్లా రైతు పత్తి తీసేదీ, మిర్చి కోసి కల్లంలో ఆరబోసేదీ ఈ నెలలలోనే. ఖమ్మం మార్కెట్టు తేజ రకం మిర్చికి పేరు గాంచినది. రంగు చూసి ధర కట్టే సరుకు మీద ఎర్రమట్టి పొర పడితే ఏమవుతుందో రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు. దుమ్మును ఆరోగ్య సమస్యగా మాత్రమే చూడడం వలన ఈ కోణం తరచుగా మరుగున పడుతున్నది.

ధూళిలోని పెద్ద రేణువులు లేచిన చోటికి కొద్ది దూరంలోనే నేలకు దిగిపోతాయి. ఆకుల మీద, ఆరవేసిన బట్టల మీద, కల్లంలోని కాయల మీద కంటికి కనబడేవి ఇవే. 10 మైక్రాన్లకు లోబడిన రేణువులు గాలిలో ఎక్కువసేపు తేలుతూ శ్వాసతో పాటు లోపలికి పోతాయి. వీటినే పీఎం 10 అంటున్నారు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. 2.5 మైక్రాన్లకు లోబడినవి ఊపిరితిత్తుల లోతుకు చేరగలవు. 2009 నవంబరు 18న కేంద్రం ప్రకటించిన జాతీయ ప్రమాణాల ప్రకారం ఒక ఘనపు మీటరు గాలిలో పీఎం 10 రోజు సగటున 100 మైక్రోగ్రాములు, సంవత్సర సగటున 60 మైక్రోగ్రాములు దాటరాదు. పీఎం 2.5కు ఈ పరిమితులు 60, 40గా ఉన్నవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన సూచికలు ఇంకా కఠినమైనవి: పీఎం 10కు రోజు సగటు 45, సంవత్సర సగటు 15, పీఎం 2.5కు 15, 5.

తవ్విన నేల నుంచి ఎంత దుమ్ము లేస్తుంది? అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ తన ఉద్గార గుణకాల సంకలనంలో, భారీ నిర్మాణం జరుగుతున్న స్థలంలో ఎకరానికి నెలకు 1.2 అమెరికన్ టన్నులు, అనగా సుమారు 1.1 మెట్రిక్ టన్నులు ధూళి గాలిలోకి చేరుతుందని లెక్క కట్టినది. అది అక్కడి పొడి ప్రాంతాల అంచనా. మన చెలక నేలలకు యథాతథంగా అన్వయించరాదు. అయినను ఒక ఎకరం పని స్థలం నుంచి నెలకు ఒక ట్రాక్టరు ట్రాలీలో పోసి చూపగలిగినంత మట్టి గాలిలోకి పోవచ్చునన్న ఊహ కలగడానికి ఈ అంకె చాలును. తవ్వకం కన్నా కూడా తవ్విన మట్టిని మోసే లారీల చక్రాల కింద నలిగిన దారియే ఎక్కువ దుమ్ము లేపుతుందనేది ఇంజనీర్లందరికీ అనుభవమే. లారీ బరువు, వేగం, దారిలోని మెత్తటి పొడి, తేమ – ఈ నాలుగింటి మీద అది ఆధారపడి ఉంటుంది. వేగం తగ్గించడానికి పైసా ఖర్చు లేదు. ఈ ఒక్క చర్యనే మనవారు అన్నిటికన్నా చివర తలుస్తున్నారు.

చట్టంలో ఉన్నది

వాయు కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం 1981 నాటిది. పర్యావరణ పరిరక్షణ చట్టం 1986 నాటిది. అయితే నిర్మాణ ధూళిని పేరు పెట్టి ప్రస్తావించిన జాతీయ నిబంధనలు 2018 జనవరి 25న గాని వెలువడలేదు. పర్యావరణ పరిరక్షణ నియమాలకు ఆనాడు చేసిన సవరణలో ముఖ్యమైనవి ఇవి. పర్యావరణ అనుమతి అవసరమైన భవన, మౌలిక వసతుల పనులను ధూళి నివారణతో కూడిన యాజమాన్య ప్రణాళిక ఆమోదం పొందకుండా చేపట్టరాదు. పని స్థలానికి వెళ్ళే దారిని గట్టిపరచి తారు వేయాలి. తగిన ఏర్పాట్లు లేకుండా మట్టి తవ్వరాదు. వదులు మట్టి, ఇసుక, కూల్చివేత శిథిలాలను కప్పకుండా ఉంచరాదు. కట్టడం ఎత్తులో మూడవ వంతు మేరకు, గరిష్ఠంగా 10 మీటర్ల వరకు గాలిని అడ్డుకొనే తెర కట్టాలి. నీరు చల్లే ఏర్పాటు ఉండాలి. తీసుకున్న చర్యలను ప్రజలకు కనబడేటట్లు బోర్డు మీద ప్రదర్శించాలి. రాళ్ళు, టైల్సు, ఇటుకలను బహిరంగ స్థలంలో కోయడం, రుద్దడం నిషిద్ధం. సామగ్రిని రోడ్డు పక్కన పోయరాదు. కప్పని వాహనాలలో తరలించరాదు.

ఈ షరతులలో కొన్ని గాలి నాణ్యత ప్రమాణాలు మించిన నగరాలను, పట్టణాలను దృష్టిలో ఉంచుకొని చేసినవి కాగా, మరికొన్ని అన్ని నిర్మాణాలకు వర్తించేవి. దీనికి రెండేళ్ళ ముందే, 2016 మార్చిలో, నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిర్వహణ నియమాలు వచ్చినవి. రోజుకు 20 టన్నులు లేదా ఒక పనిలో నెలకు 300 టన్నుల కన్నా ఎక్కువ శిథిలాలు వెలువడే చోట వాటిని కాంక్రీటు, మట్టి, ఉక్కు–కలప–ప్లాస్టిక్, ఇటుక–గార అనే నాలుగు భాగాలుగా వేరు చేయాలని ఆ నియమాలు నిర్దేశించినవి. వాటి స్థానంలో 2025 ఏప్రిల్‌లో కొత్త నియమాలను ప్రకటించి, 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించారు. హైదరాబాదులో జీడిమెట్ల వద్ద 2020లోనూ, ఫతుల్లగూడ వద్ద 2022లోనూ రోజుకు 500 టన్నుల శిథిలాలను శుద్ధి చేయగల కేంద్రాలు ఏర్పడినవి. అవి ఇక్కడికి రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నవి.

ఇరుగున ఉన్న పాల్వంచలో కూల్చివేత ఏ స్థాయిలో ఉండగలదో జిల్లా ప్రజలు కళ్ళారా చూసియున్నారు. కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలో కాలం చెల్లిన యూనిట్లకు చెందిన 8 శీతలీకరణ గోపురాలను 2024 ఆగస్టు 5న నియంత్రిత పేలుడుతో నేలమట్టం చేశారు. అది శ్రావణ మాసపు తడి రోజులలో జరిగినది. అదే పని ఏప్రిల్ ఎండలలో జరిగి ఉంటే లేచే ధూళి వేరుగా ఉండేదని చెప్పడానికి నిపుణుడు కానవసరం లేదు. పెద్ద కూల్చివేతలకు, పెద్ద తవ్వకాలకు నెలను ఎంచుకోవడం కూడా ధూళి నియంత్రణలో భాగమే.

20,000 చదరపు మీటర్ల గీత

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మిత వైశాల్యం గల భవన నిర్మాణాలకే ముందస్తు పర్యావరణ అనుమతి అవసరం. నగరాలలో బహుళ అంతస్తుల సముదాయాలకు ఈ గీత సరిపోవచ్చును. టేకులపల్లి వంటి మండలంలో దీని అర్థమేమిటో ఒక చిన్న లెక్క చెబుతుంది.

ఇందిరమ్మ ఇంటికి కనీస వైశాల్యం 400 చదరపు అడుగులు, అనగా సుమారు 37 చదరపు మీటర్లు. ఆ లెక్కన దాదాపు 540 ఇళ్ళు కలిస్తే గాని 20,000 చదరపు మీటర్లు కావు. ఒక్కొక్క శాసనసభా నియోజకవర్గానికి 3,500 ఇళ్ళ చొప్పున ప్రభుత్వం నిర్ణయించినది. టేకులపల్లి మండలం ఉన్న ఇల్లెందు నియోజకవర్గంలో అన్ని ఇళ్ళూ 400 అడుగులలోనే కట్టినా మొత్తం వైశాల్యం 14 లక్షల చదరపు అడుగులు, అంటే సుమారు 1,30,000 చదరపు మీటర్లు. చట్టం గీసిన గీతకు ఇది ఆరున్నర రెట్లు. అయినా ఇందులో ఏ ఒక్క ఇల్లూ ఆ గీతను తాకదు, తాకనక్కరలేదు కూడా. పేదవాని రెండు గదుల ఇంటికి పర్యావరణ అనుమతి అడగడం హాస్యాస్పదమవుతుంది. కాని ఇసుక, కంకర, సిమెంటు, ఇటుక మాత్రం ఆ మేరకు ఊళ్ళలోకి వస్తూనే ఉంటాయి.

కాలువ తవ్వకం, రహదారి విస్తరణ వంటి పెద్ద పనులకు అనుమతి షరతులు వేరుగా ఉంటాయి. అక్కడ లోపించేది నిబంధన కాదు, ఆ నిబంధన అమలు జరుగుతున్నదా లేదా అని రోజువారీగా చూసే కన్ను. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ ఇంజనీరు ప్రతి మట్టి కుప్ప వద్దా నిలబడజాలడు.

బిల్లులో ఒక పద్దు

రోజూ పని స్థలంలో ఉండేది పని చేయించే శాఖ ఇంజనీరు. ఆయన చేతిలో ఉన్నది కొలతల పుస్తకం. ధూళి నియంత్రణ విషయంలో మన టెండరు పత్రాలలో ఉన్న చిక్కు ఇక్కడే బయటపడుతుంది. రహదారుల మంత్రిత్వ శాఖ ప్రామాణిక నిర్దేశాలలో 111వ నిబంధన పర్యావరణ జాగ్రత్తలకు సంబంధించినది. నీరు చల్లడం వంటి జాగ్రత్తల ఖర్చు గుత్తేదారు కోట్ చేసిన ధరలలోనే ఇమిడి ఉన్నట్లు భావించడం పనులలో ఆనవాయితీ. వినడానికి ఇది సబబుగానే ఉన్నది. ఆచరణలో దీని ఫలితం తలకిందులు: చల్లని ప్రతి ట్యాంకరూ గుత్తేదారుకు మిగులే. నిజాయితీగా చల్లినవాడు తక్కువ ధర కోట్ చేసినవానితో పోటీలో వెనుకబడతాడు.

ఇదే ఖర్చును అంచనాలో వేరు పద్దుగా చూపి, కొలిచి చెల్లిస్తే లెక్క మారుతుంది. ట్యాంకరు ట్రిప్పుల సంఖ్య, కప్పిన వాహనాల సంఖ్య, తెర కట్టిన నిడివి – మూడూ కొలవదగినవే. చల్లితే బిల్లు వస్తుంది, చల్లకుంటే రాదు. జరిమానాకు భయపడి దాచిపెట్టే గుత్తేదారు కన్నా, బిల్లు కోసం నమోదు పుస్తకం తానే పట్టుకొని వచ్చే గుత్తేదారు అధికారికి మేలు. దీనికి కొత్త చట్టం అవసరం లేదు. అంచనా తయారుచేసే దశలోనే నీటిపారుదల, రహదారులు–భవనాలు, పంచాయతీరాజ్, గిరిజన సంక్షేమ ఇంజనీరింగ్ విభాగాలు, భద్రాచలం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ తమ పరిధిలోని పనులలో దీనిని పరిశీలించవచ్చును.

అయితే ట్రిప్పులను లెక్కపెట్టి చెల్లిస్తే కాగితం మీద ట్రిప్పులు పెరగవా అన్న అనుమానం సహజం. పెరుగుతాయి. అందుకే కొలత ట్రిప్పును బట్టి కాక ఫలితాన్ని బట్టి ఉండాలి. ఈ సందర్భంలో దక్షిణ కాలిఫోర్నియా వాయు నాణ్యత సంస్థ 1976లో చేసిన 403వ నియమం గమనించదగినది. పని స్థలం సరిహద్దు దాటి దుమ్ము కంటికి కనబడరాదు – ఇదే దాని సారం. దీనిని పరీక్షించడానికి యంత్రం అక్కరలేదు. సరిహద్దు వద్ద నిలబడి చూస్తే చాలును. గ్రామ కార్యదర్శి, సైట్ ఇంజనీరు, పాత్రికేయుడు ఎవరైనా చూడగలరు, ఫొటో తీయగలరు. ధూళి కొలిచే కేంద్రాలు నగరాలకే పరిమితమైన చోట ఇంతకన్నా చౌకైన ప్రమాణం మరొకటి కనబడదు. ఫొటోలో దుమ్ము కనబడిన రోజున ఆ రోజు పద్దు కోసివేయడం గుత్తేదారుకు అర్థమయ్యే భాష.

ఇతర ప్రాంతాల అనుభవం క్లుప్తంగా: హాంకాంగ్ 1997లోనే నిర్మాణ ధూళికి ప్రత్యేక నియమావళి చేసి, పని మొదలుపెట్టే ముందు సమాచారం ఇవ్వడాన్ని తప్పనిసరి చేసినది. చైనాలో 2018 జనవరి 1 నుంచి అమలులో ఉన్న పర్యావరణ పరిరక్షణ పన్నును పలు ప్రాంతాలు నిర్మాణ ధూళికీ వర్తింపజేస్తున్నవి. మన దేశంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 ఏప్రిల్ 10న ఢిల్లీ ప్రాంతానికి ఇచ్చిన ఉత్తర్వులో నిబంధన మీరిన నిర్మాణదారునికి 50,000 రూపాయలు, సామగ్రిని కప్పకుండా తరలించిన వాహనానికి 5,000 రూపాయలు పరిహారంగా నిర్ణయించినది. ప్రోత్సాహకాల వైపు చూస్తే, హైదరాబాదు కేంద్రంగా పనిచేసే భారత హరిత భవనాల మండలి వంటి సంస్థల గుర్తింపు పద్ధతులు నిర్మాణ దశలోని కాలుష్యాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటాయి. 15వ ఆర్థిక సంఘం 10 లక్షలు దాటిన జనాభా గల నగరాలకు గాలి నాణ్యత మెరుగుదలను బట్టి గ్రాంట్లు సిఫారసు చేసినది. తెలుగు రాష్ట్రాలలో హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం ఆ కోవలోనివి. మెరుగుపడిన ఊరికి డబ్బు ఇవ్వడమనే ఆ సూత్రం మంచిదే గాని, అది మండలాల దాకా దిగి రాలేదు.

ఇందిరమ్మ ఇంటి వద్ద

ఇంటి యజమాని గుత్తేదారు కాడు. ఆయనకు జరిమానా వేయడం వలన ప్రయోజనం కన్నా బాధ ఎక్కువ. పథకంలో చెల్లింపు దశలవారీగా జరుగుతున్నది. ఆరంభంలో నిర్ణయించిన ప్రకారం 5 లక్షల రూపాయల సాయంలో బేస్‌మెంటు పూర్తయితే 1 లక్ష, గోడలు పైకప్పు ఎత్తుకు వస్తే 1.25 లక్షలు, స్లాబు వేస్తే 1.75 లక్షలు, ఇల్లు పూర్తయితే 1 లక్ష. ప్రతి దశలోనూ ఎవరో ఒక అధికారి వచ్చి ఫొటో తీసుకొని వెళ్ళవలసినదే. ఈ జిల్లాలోనే చండ్రుగొండ మండలం బెండాలపాడులో 2025 సెప్టెంబరు 3న ముఖ్యమంత్రి శ్రీ రేవంత్ రెడ్డి లబ్ధిదారుల గృహప్రవేశ కార్యక్రమంలో పాల్గొన్నారు.

ఈ ఫొటో తీసే సందర్భమే ధూళి నియంత్రణకు ఉచితంగా దొరికిన అవకాశం. ఇసుక కుప్పపై పట్టా కప్పి ఉన్నదా, కంకర బాటలో కాక ఇంటి ఆవరణలో పోసి ఉన్నదా, పాత ఇంటి శిథిలాలు ఏమైనవి అనే మూడు విషయాలను అదే ఫొటోలో చూడవచ్చును. చెల్లింపును ఆపమని కాదు. ఆపితే ఇల్లు ఆగుతుంది, కుప్పలు మరి నాలుగు నెలలు అక్కడే ఉంటాయి. ఆ మూడూ సరిగా ఉన్నవారికి పంచాయతీ ఒక చిన్న వెసులుబాటు, ఉదాహరణకు గోడలు తడపడానికి ట్యాంకరు నీటిలో ప్రాధాన్యం ఇస్తే చాలును. సిమెంటు పని చేసేవారికి క్యూరింగుకు నీరు ఎంత అవసరమో తెలిసినదే.

పాత మట్టి గోడల ఇంటిని కూల్చి అదే స్థలంలో కొత్త ఇల్లు కట్టే చోట ఆ మట్టిని బేస్‌మెంటు నింపడానికి వాడుకోవచ్చును. పడగొట్టే ముందు గోడలను తడిపితే దుమ్ము సగానికి సగం అణుగుతుందని పాత మేస్త్రీలు చెబుతారు. పెంకులు, కలప వేరుగా తీసిపెట్టడం ఇక్కడి అలవాటే. నగరాల కోసం చేసిన నాలుగు భాగాల విభజన నియమాన్ని పల్లె తనంతట తానే చాలా వరకు పాటిస్తున్నది.

ఇటుకల విషయం ఒకటి ప్రస్తావించవలసి ఉన్నది. 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం థర్మల్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు జరిగే నిర్మాణాలలో బూడిద వాడకాన్ని తప్పనిసరి చేస్తూ, వినియోగం కాకుండా మిగిలిన బూడిదకు విద్యుత్ కేంద్రంపై టన్నుకు 1,000 రూపాయల పరిహారాన్ని విధించే ఏర్పాటు చేశారు. పాల్వంచ, మణుగూరు కేంద్రాలు చేరువలోనే ఉన్నందున ఈ మండలానికి బూడిద ఇటుకలు అందుబాటులో ఉండదగినవే. వీటివలన పొలాల పైమట్టి మిగులుతుంది, బట్టీ పొగ తగ్గుతుంది. అయితే బూడిదను కప్పకుండా లారీలో తెస్తే దుమ్ము పోయి బూడిద వచ్చినట్లవుతుంది. మూసిన ట్యాంకరు వాహనంలోనో, తడిపి కప్పిన లారీలోనో తేవాలి.

నీరు ఎక్కడిది, నిధి ఎక్కడిది

పల్లె ప్రగతి కార్యక్రమం కింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూరినవి. మొక్కలకు నీరు పోయడానికి వచ్చిన ఆ ట్యాంకరే దుమ్ము అణచడానికీ పనికివస్తుంది. 5 మీటర్ల వెడల్పు గల మట్టి దారిపై చదరపు మీటరుకు 1 లీటరు చొప్పున చల్లితే, 5,000 లీటర్ల ట్యాంకరు సరిగ్గా 1 కిలోమీటరుకు సరిపోతుంది. మాఘమాసంలో పూటకు ఒక్కసారి చాలవచ్చును గాని, మే నెల ఎండలో ఆ తడి ఎంతోసేపు నిలవదు. అంటే నీరు చల్లడం ఒక్కటే పరిష్కారం కాజాలదు. ఎండ ముదిరిన కొద్దీ వేగ పరిమితి, టార్పాలిన్, దారిని రాతితో గట్టిపరచడం – వీటి వాటా పెరగాలి.

ఆ నీరు తాగునీరు కారాదు. వేసవిలో మిషన్ భగీరథ నీటిని రోడ్డు మీద పోసే అవకాశం ఇవ్వరాదు. ఉపరితల గనులలో ఊరి చేరే నీటిని ఎలాగూ బయటికి తోడుతారు. గనుల లోపలి రవాణా దారులపై అదే నీటిని చల్లడం పరిపాటి. ఆ నీటినే గని వెలుపలి పంచాయతీ దారులకు కూడా అందించే ఏర్పాటును సింగరేణి ఇల్లెందు ఏరియా అధికారులతో మండల యంత్రాంగం మాట్లాడుకొనవచ్చును.

నిధుల విషయానికి వస్తే, గనుల చట్టానికి 2015లో చేసిన సవరణ ద్వారా ఏర్పడిన జిల్లా ఖనిజ ఫౌండేషన్ ముఖ్యమైనది. గనుల తవ్వకంతో ప్రభావితమైన ప్రాంతాల కోసం లీజుదారులు చెల్లించే రాయల్టీకి అనుబంధంగా ఈ నిధి జమ అవుతుంది. 2024లో సవరించిన మార్గదర్శకాలు కనీసం 70 శాతం నిధులను ప్రాధాన్య రంగాలకు ఖర్చు చేయాలని చెబుతున్నవి. తాగునీరు, ఆరోగ్యం, విద్యలతో పాటు పర్యావరణ పరిరక్షణ, కాలుష్య నియంత్రణ ఆ ప్రాధాన్య రంగాలలో ఒకటి. గని నుంచి 15 కిలోమీటర్ల లోపు ప్రాంతం ప్రత్యక్ష ప్రభావిత ప్రాంతం. కోయగూడెం గని ఉన్న మండలం కనుక టేకులపల్లి గ్రామాలు ఇక్కడ అడగడానికి అర్హత గలవే. సిమెంటు రోడ్లు, భవనాల ప్రతిపాదనలు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. బడి ముందు దారికి గట్టి ఉపరితలం, కల్లాల వైపు చెట్ల వరుస వంటి ప్రతిపాదనలు అరుదుగా వస్తున్నవని చెప్పక తప్పదు. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగిన తరువాత గ్రామాలలో తిరిగి ఎన్నికైన పాలకవర్గాలు ఏర్పడినవి. ప్రతిపాదన గ్రామసభ నుంచి రావడానికి ఇప్పుడు అడ్డంకి లేదు.

గ్రామసభకు మరొక అధికారం కూడా కలదు. టేకులపల్లి ఐదవ షెడ్యూలు పరిధిలోని ప్రాంతం. 1996 నాటి పీసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాలలో చిన్న తరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ ముందస్తు సిఫారసు తప్పనిసరి. మొరం, కంకర, ఇసుక ఇందులోకే వస్తాయి. సిఫారసు చేసేటప్పుడే లారీలు ఏ దారిన పోవాలి, బడి వేళల్లో ఆగాలా, ఎంత వేగంతో పోవాలి అనే షరతులను తీర్మానంలో రాయించుకొనవచ్చును. సిఫారసు ఇచ్చిన తరువాత రోడ్డుపై లారీని ఆపి గొడవపడడం కన్నా ఇది సులువు.

పనిచేసేవారి ఊపిరి

ఊరికి దుమ్ము కొద్ది గంటలు. పని స్థలంలోని కూలీలకు రోజంతా. గ్రానైటు, టైల్సు, కాంక్రీటులలో ఉండే సిలికా పొడి సంవత్సరాల తరబడి పీల్చినవారికి సిలికోసిస్ సోకే ప్రమాదం ఉన్నది. ఈ వ్యాధికి నివారణే గాని నయం చేసే చికిత్స లేదు. గ్రానైటుకు పేరు పొందిన ఖమ్మం ప్రాంతంలో చిన్న ఇంటి గడపకు, అరుగుకు సైతం ఆ రాయినే వాడుతున్నారు. కోత యంత్రం బ్లేడుపై సన్నని నీటి ధార పడేటట్లు చేస్తే పొడి అక్కడే బురదగా మారుతుంది. ఒక సీసా నీరు, ఒక సన్న గొట్టం ఖర్చు. ముఖానికి కండువా కట్టుకోవడం పెద్ద రేణువులను ఆపుతుందే గాని సిలికా పొడిని ఆపదు.

నిర్మాణ కార్మికుల సంక్షేమానికి నిర్మాణ వ్యయంపై సుంకం వసూలు 1996 చట్టంతో మొదలైనది. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చిన తరువాత కూడా ఆ సుంకం కొనసాగుతున్నది. నమోదైన కార్మికునికే దాని ఫలం దక్కుతుంది. మండలంలోని మేస్త్రీలు, సుతారి కూలీలు, ముఖ్యంగా మహిళా కూలీలు నమోదై ఉన్నారా అన్నది కార్మిక శాఖతో పాటు పాత్రికేయులు కూడా అడగదగిన ప్రశ్న.

శిక్షలు, ఫిర్యాదులు

వాయు చట్టం కింద ఒకప్పుడు ముఖ్య ఉల్లంఘనలకు ఏడాదిన్నర నుంచి ఆరేళ్ళ వరకు జైలు శిక్ష ఉండేది. కేసు కోర్టుకు వెళ్ళి తేలేలోపు కట్టడం పూర్తయి, గుత్తేదారు మరొక జిల్లాకు వెళ్ళిపోయేవాడు. 2023 నాటి జన విశ్వాస్ చట్టం ఈ పద్ధతిని మార్చినది. 2024 ఏప్రిల్ 1 నుంచి వాయు చట్టం, పర్యావరణ పరిరక్షణ చట్టాల కింద పలు ఉల్లంఘనలకు జైలు బదులు 10,000 రూపాయల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానాను నిర్ణయాధికారి విధించే వీలు కలిగినది. జైలు తొలగించడం మెతకదనమని విమర్శ ఉన్నది. కాగితం మీద కఠినంగా ఉండి ఎన్నడూ పడని శిక్ష కన్నా, చిన్నదే అయినా నెల తిరగకుండా పడే జరిమానా నిర్మాణదారుని ఎక్కువగా కదిలిస్తుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అయితే ఆ వేగం నిర్ణయాధికారి ముందుకు ఫిర్యాదులు వెళితేనే సాధ్యం. అధిక లోడుతో దారిపొడవునా మట్టి రాల్చే లారీపై మోటారు వాహనాల చట్టం కింద వేరుగా చర్య తీసుకోవచ్చును: 2019 సవరణ తరువాత అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, దానిపై అదనపు టన్నుకు 2,000 రూపాయలు.

పర్యావరణ అనుమతి గల పనులపై ఫిర్యాదు కాలుష్య నియంత్రణ మండలి కొత్తగూడెం ప్రాంతీయ కార్యాలయానికి, లారీలపై రవాణా శాఖకు లేదా పోలీసులకు, ఊరిలోని కట్టడాలపై గ్రామ పంచాయతీ కార్యదర్శికి, ప్రభుత్వ పనులపై ఆ పనిని చేయిస్తున్న శాఖ కార్యనిర్వాహక ఇంజనీరుకు చేయవచ్చును. ఫిర్యాదుతో పాటు ఫొటో జతపరచేటప్పుడు తేదీ, వేళ, పని స్థలం సరిహద్దు కనబడేటట్లు చూసుకోవాలి. వాహనమైతే నంబరు చదవగలిగేటట్లు ఉండాలి. దుమ్ము ఎటువైపు పోతున్నదో, ఆ వైపున బడి, కల్లం, ఇళ్ళు ఎంత దూరంలో ఉన్నవో రాస్తే తనిఖీకి వచ్చే అధికారికి ఎక్కడ నిలబడి చూడాలో తెలుస్తుంది.